ఈ బండి ఎంత నిదానంగా పోతుంది?

కూర్చుంటే మనిషి లోపలికి దిగబడిపోయే కుర్చీ ఇది. లేవాలంటే ఎవరైనా చెయ్యి ఇవ్వాలి, ఇచ్చేవాళ్లు లేరు గనక కూర్చునే ఉన్నాను, గంట దాటింది, సికిందరాబాదులో మోటార్లు అమ్మే ఈ అద్దాల హాలులో, పైన పంకా తిరుగుతోంది, ఎదురుగా నా మొగుడు జగన్మోహన్ రావు కొత్త బండి చుట్టూ ఏడోసారి తిరుగుతున్నాడు, మా పెళ్లిలో అగ్నిహోత్రం చుట్టూ కూడా ఇంత శ్రద్ధగా తిరగలేదు మహానుభావుడు. పాలపిట్ట రంగు బండి. రెండే సీట్లు, ఎర్ర తోలువి. పైకప్పు గుడ్డది, వద్దనుకుంటే వెనక్కి మడిచేస్తారట, ముందు అద్దాన్ని కూడా కిందికి పడుకోబెట్టొచ్చట, గాలి ముఖాన కొట్టాలని సరదా పడేవాళ్లకు. ఓడలో వచ్చిందండీ, ఇంగ్లండు నుంచి మద్రాసుకు, అక్కడి నుంచి రైల్లో ఇక్కడికి, అంటున్నాడు వెంకట్రాం. ఈ దుకాణంలో బండ్లు చూపించి అమ్మిపెట్టే మనిషి, బెజవాడవాడు, కోటు గుండీలన్నీ పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. అమ్మగారి చీరకు సరిగ్గా సరిపోయే రంగండీ అన్నాడు నన్ను చూసి. నాది ఆకుపచ్చ చీర. పోయిన వారం ఇంకెవరి భార్య చీరకో కూడా సరిపోయే ఉంటుంది.

గంటకు ఎనభై మైళ్లు కొడుతుందండీ, చెవిలో గాలి ఈల వేస్తుంది, అని వెంకట్రాం చేతులు ఊపి చెబుతుంటే మా ఆయన బండి ముక్కు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, మా అత్తగారు గొడ్డు పాలిస్తుందో లేదో చూడటానికి అట్లా చెయ్యి ఆనించేది, ఆ ఇల్లంతా అంతే, ఏది కొన్నా ముందు చేత్తో తడిమి చూస్తారు, నన్ను చూడటానికి మానుకోట వచ్చినప్పుడు మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని ఎముక చూసింది. "గదంత మంచిగనే ఉన్నది వెంకట్రామయ్యా," అన్నాడు మా ఆయన, "గని ఇది ఎంత నిమ్మలంగ పోతది? గది చెప్పు." వెంకట్రాం నవ్వు సగంలో ఆగింది. "మనిషి ఉరికేటంత. ఒక రెండు గంటలు, రెండున్నర. నడుమ ఆగకుంట, ఇంజను గరం గాకుంట పోతదా?" వెంకట్రాం నన్ను చూశాడు, ఇది హాస్యమా కాదా అని అడిగినట్టు. "ఈ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఎంత జోరుగా పోతుందని అడగనివాళ్లు లేరండీ. ఎంత నిదానంగా అని అడిగింది మాత్రం తమరొక్కరే," అని తనే నవ్వేశాడు. మా ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

నవ్వనివాడు ఇంకొకడున్నాడు, గుమ్మం బయట. లచ్చయ్య. నున్నటి గచ్చు మీద చెప్పుల్లేని కాళ్లు పెట్టనివ్వనని కాపలావాడు అడ్డంగా నిలబడితే బయటే ఎండలో గోడకు ఆనుకుని ఉన్నాడు, మధ్యమధ్య దగ్గుతున్నాడు, దగ్గినప్పుడల్లా చెయ్యి ఛాతీ మీదికి పోతుంది. వెంకట్రాం అతన్ని మా పనివాడనుకుంటున్నాడు. దొరల మీద తిరగబడ్డ సంఘం వచ్చాక లచ్చయ్య ఎవరి పనివాడూ కాదు. నలభై ఆరులో మా ఊళ్లో వెట్టి బందు చేయించిన వాళ్లలో ముందు నిలబడ్డవాడు, తరువాత గుత్ప కర్రలు పోయి తుపాకులొచ్చి, మేం కోటలాంటి మా గడీకి తాళం వేసి హైదరాబాదుకు ఉరికివచ్చి, యూనియన్ మిలటరీ దిగి, అతను అడవిలోకి పోయి, అక్కడెక్కడో భూపాలపల్లి దగ్గర దొరికి, జనగామ క్యాంపులో ఎనిమిది నెలలు. ఏం కొట్టారో, ఎక్కడ కొట్టారో, ఆ దగ్గే చెబుతుంది. అతన్ని జామీను మీద విడిపించింది మా ఆయన. ఎంత దయ! ఆ మాట విన్న రోజు నాకు నిజంగానే ఒక్క నిమిషం మొగుడి మీద ప్రేమ కలిగింది, చెప్పుకుంటే సిగ్గు. తరువాత తెలిసింది షరతు. మళ్లీ మేం ఊళ్లోకి పోయే రోజున, జనగామ స్టేషను నుంచి దేవరుప్పుల దాటి మా గడీ దాకా, కొత్త బండి ముందు లచ్చయ్య ఉరకాలి. జనం చూడాలి. నాలుగేళ్లుగా ఎవరి ముందూ ఎవరూ ఉరకని ఊరు, చూడాలి. విడుదల కాగితం మా ఆయన లచ్చయ్య చేతికివ్వలేదు, అది లేకుండా అడుగు బయటపెడితే దారిలో ఎవరు పట్టుకున్నా మళ్లీ క్యాంపే. కోటు జేబు ఉబ్బుతుందని నా చేతిసంచిలో పెట్టించాడు. ఇదిగో ఒళ్లోనే ఉంది, రుమాలు కింద.

ఆ ఆనవాయితీ ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. దొర సవారి బండి కదిలితే ముందొక మనిషి ఉరకాలి, దారి తొలగమని కేకేస్తూ. ఎడ్ల బండి గనక ఎడ్లు అలిసేవి, ఎడ్లు నీళ్లు తాగేవి, వాటితో పాటు ఆ మనిషి కూడా ఆగి నీళ్లు తాగేవాడు, ఎట్లాగో నడిచిపోయింది. మా పెళ్లి ఏడు మా మామగారు మోటారు కొన్నారు, నల్లది, నాలుగు తలుపులది. ఎడ్లు పోయాయి. ముందు ఉరికే మనిషి మాత్రం ఉండిపోయాడు. ఎందుకని ఒక్కరు కూడా అడగలేదు. అది పాపమని తెలిసి చేసినా బాగుండేదేమో, తిట్టుకోవడానికి వీలుండేది, ఊరికే ఎవరికీ తోచలేదు.

వెంకట్రాం నాకు సోడా తెప్పించాడు. గుమ్మం బయట ఉన్న మనిషికి కూడా ఇవ్వమన్నాను, కాపలావాడు వినిపించనట్టు తల తిప్పుకున్నాడు, అప్పుడు లేచాను, కుర్చీ చేతులు రెండూ పట్టుకుని నానా తిప్పలు పడి లేచాను, సీసా పట్టుకుని నేనే పోయాను. అద్దాల గుమ్మంలో ఎదురుగా నా మొహం, నా మొహం వెనక ఆ వీపు. మళ్లీ వచ్చింది. ఉదయం నుంచి కనబడలేదు, ఇవాళ రాదేమో అనుకున్నాను. బండి అద్దంలో, రైలు కిటికీలో, హైదరాబాదులో రిక్షా ఎక్కితే రిక్షావాడి అవతల, ఎక్కడ నేను కూర్చుని ముందుకు కదిలితే అక్కడ, ఆ వీపు నాకంటే నాలుగు బారల ముందు ఉరుకుతూనే ఉంటుంది. పన్నెండేళ్లు. ఒకసారి దవాఖానకు పోయి చెప్పుకున్నాను, డాక్టరు ఓపిగ్గా విని కళ్లద్దాలు రాసిచ్చాడు, పెట్టుకుంటే ఇంకా స్పష్టంగా కనబడింది.

లచ్చయ్య సోడా తీసుకున్నాడు, తాగలేదు, చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. బాంచన్ అనలేదు, దండం పెట్టలేదు, మంచిదే. "దొర్సానీ, ఒక్క మాట అడుగుత," అన్నాడు. "ఆ దినం మీ బండి ముందర ఉరికిన మా అన్న ముఖం చూసిండ్రా? సచ్చేటప్పుడు ఎట్లుండెనో ఎవలు చెప్పకపోయిరి. నేను జాతరకు పోయి ఉంటి. వచ్చేటాళ్లకు మట్టి చేసిండ్రు." నా నోరు ఎండిపోయింది, సోడా అతని చేతిలో ఉంది. "లేదు లచ్చయ్యా," అన్నాను, "వీపు చూసిన. అంత దూరం వీపే చూసిన." అతను తల ఊపాడు, అది తప్పని గానీ పరవాలేదని గానీ కాదు, ఊరికే ఊపాడు. తరువాత సీసా ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు.

యాకయ్య. లచ్చయ్య అన్న పేరు యాకయ్య, ఆ పేరు కూడా నాకు ఆ రోజు తెలియదు. మానుకోటలో రైలెక్కిస్తూ మా అమ్మ నా చెవిలో చెప్పింది, గడీ గడప దగ్గర పేర్లు చెప్పించేదాకా నోరిప్పకు బిడ్డా, కొత్తకోడలి మొదటి మాట మొగుడి పేరే కావాలె, నడుమ నోరిప్పితే అరిష్టం. సరేనన్నాను. రైలంతా మాట్లాడలేదు. జనగామలో దిగితే బంతిపూల దండ వేసుకుని నల్ల మోటారు, దాని ముందు గోచీ బిగించి, తల రుమాలు చుట్టి, నడుముకు ఎర్ర దట్టీ కట్టి ఒక మనిషి అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఎండాకాలం. ముందు సీట్లో మా మామగారు, డ్రైవరు దేవ్‌సింగ్, వెనక నేనూ ఈయనా. బయల్దేరిన కాసేపటికే మోటారు ముక్కులోంచి పొగ. "నిమ్మలంగ పోతే ఇంజన్ గరమైతది దొరా," అన్నాడు దేవ్‌సింగ్. మా మామగారు మీసం మీద చెయ్యి వేసుకుని, "గట్లైతే వాడే జర జోరుగ ఉరుకుతడు తియ్యి," అన్నారు. కోపంగా కాదు, వెక్కిరింపుగా కూడా కాదు, కూరలో ఉప్పు తక్కువైతే ఇంకాస్త వెయ్యమన్నట్టు అన్నారు. దేవ్‌సింగ్ హారన్ కొట్టాడు, ముందున్న మనిషికి అర్థమైంది.

మొదట వీపు చెమటతో మెరిసింది. తరువాత చెమటకు దుమ్ము అంటింది. ఆ తరువాత, ఎక్కడో ఒక ఎండిన వాగు దాటాక, చెమట పట్టడమే మానేసింది, పొడి వీపు, మట్టి రంగు వీపు, భుజాలు ఒకటి ముందూ ఒకటి వెనకా పడుతున్నాయి, దారి తొలగుండ్రి అన్న కేక ఎప్పుడో ఆగిపోయింది, కాళ్లు మాత్రం పోతున్నాయి. నేను పదహారేళ్లదాన్ని, మూర్ఖురాలిని కాదు, నాకు కనబడుతూనే ఉంది. ఆపండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఒట్టు, వచ్చింది, అరిష్టం గుర్తొచ్చి మింగాను. ఎవరికి అరిష్టం? అది నేను అమ్మను అడగలేదు. గడీ ముందు మోటారు ఆగింది, డప్పులు మోగాయి, దిష్టి తీశారు, గడప మీద బియ్యం చెంబు, ఆడవాళ్లంతా నవ్వుతూ అడ్డం నిలబడి పేరు చెప్పు పేరు చెప్పు అంటే, అంత దూరం దాచుకున్న నోరు విప్పి, జగన్మోహన్ రావు గారు అన్నాను. ఎంత ముద్దుగా అందని మెచ్చుకున్నారు. వెనక మెట్ల కింద ఎవరో కూర్చున్న చప్పుడు, కూర్చున్నదో, పడ్డదో. నేను కుడికాలు లోపల పెట్టాను.

మూడో రోజున తెలిసింది. తలంటుపోస్తూ బుచ్చవ్వ కళ్లు తుడుచుకుంటుంటే ఏమైందని అడిగాను. గడీలో నీళ్లు తోడే ముసలిది, యాకయ్యకు వరసకు మేనత్త. "ఏం లేదు దొర్సానీ, మా యాకయ్య పోయిండు. మీ బండి ముందర ఉరికినోడు. లగ్గమిల్లని మమ్ముల ఏడ్వద్దన్నరు." అని మళ్లీ నా తల రుద్దింది, మెల్లగా, నొప్పి పెట్టకుండా. ఆ చేతుల్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. తిట్టినా బాగుండేది.

"రాజమణీ, రా, కూసో," అని దుకాణంలో మా ఆయన నన్ను పిలుస్తున్నాడు. బండిని వెనక ఆవరణలోకి తోశారు, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, వెంకట్రాం స్వయంగా కొబ్బరికాయ కొట్టాడు, చిప్ప వంకరగా పగిలితే చూడనట్టు జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. కొనేముందు ఒక చుట్టు తిప్పి చూస్తారు కదండీ అందరూ, తమరూ రోడ్డు మీదికి తీసుకెళ్లండి, అన్నాడు. రోడ్డు అక్కరలేదు, ఆవరణ చాలు, అన్నాడు ఈయన. ముందు అద్దాన్ని పడుకోబెట్టించాడు, చిన్నపిల్లాడిలాగా ఉంది మొహం, కొత్త బొమ్మ దొరికినట్టు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఎర్ర తోలు ఎండకు కాలుతోంది. "ఏ లచ్చిగా, ముందరికి రా," అన్నాడు. లచ్చయ్య వచ్చి బండి ముందు అటు తిరిగి నిలబడ్డాడు. అద్దం లేదు. వీపుకీ నాకూ మధ్య ఏమీ లేదు. ఎడమ వైపు పక్కటెముకల మీద, చొక్కా చిరుగులోంచి, మానీ మానని మచ్చ.

ఇంజను ఒక్కసారి గర్జించింది, ఆవరణ గోడలు కూడా గర్జించాయి. లచ్చయ్య ఉరకడం మొదలుపెట్టాడు. అన్నలాగే, భుజం ఒకటి ముందూ ఒకటి వెనకా. ఒక చుట్టు. బండి గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు కుదుపులు, ఎనభై మైళ్ల బండి, పాపం దానికీ ఇష్టం లేదు. రెండో చుట్టులో లచ్చయ్యకు దగ్గు వచ్చింది, దగ్గుతూనే ఉరుకుతున్నాడు, దగ్గుకూ అడుగుకూ లెక్క కుదరక తూలాడు, మళ్లీ అందుకున్నాడు. పక్కనే పరుగులాంటి నడకతో వెంకట్రాం, కోటు గుండీలు ఇప్పుడు విప్పేశాడు, "ఏవండీ, ఈ ఇంజను నిదానానికి తట్టుకోదండీ, వేడి చూపించే ఆ ముల్లు చూడండి, ఎక్కడికి పోయిందో, కాస్త వేగం పెంచితే గాలి తగిలి చల్లబడుతుందండీ," అంటున్నాడు. మనిషి మంచివాడే, బండికేమవుతుందోనని భయం. ఈయన ముల్లు చూశాడు. మీసం లేదు ఈయనకు, అయినా చెయ్యి పైపెదవి మీదికి పోయింది. "గట్లైతే," అన్నాడు, "వాడే జర జోరుగ ఉరుకుతడు తియ్యి." అదే గొంతు. అదే ఉప్పు. చచ్చి రెండేళ్లయిన మా మామగారు నా పక్కన ఎర్ర తోలు సీట్లో కూర్చుని హారన్ మీద చెయ్యి పెట్టారు.

"ఆపుండ్రి."

నా గొంతేనా అనుకున్నాను. ఎవరూ చచ్చిపోలేదు, ఆకాశం విరిగి పడలేదు, బండి ఆగింది, అంతే, ఒక్క మాటకు ఆగింది. ఇంత సులువా? పన్నెండేళ్లు మోసిన మాట ఇంత చిన్నదా? ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, అమ్మ మీద, నా మీద, ఆ బియ్యం చెంబు మీద. ఈ బండి తలుపు కుర్చీలాంటిది కాదు, తట్టితే తెరుచుకుంది, ఎవరి చెయ్యీ అక్కరలేకుండా దిగాను. సంచిలో రుమాలు తీసి పడేసి కాగితం తీశాను. లచ్చయ్య మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఊపిరి వెతుక్కుంటున్నాడు. "ఇగో నీ కాగితం. ఇగ నువ్వు ఎవల ముందట ఉరికే పని లేదు. స్టేషనుకు పో, ఎవలన్న ఆపితే ఇది చూపెట్టు. ఉప్పలమ్మ ఎదురు చూస్తుంటది." ఉప్పలమ్మ అతని భార్య. షరతు విన్నప్పుడు, ఉరుకుతడు దొరా ఉరుకుతడు, ఇడిపియ్యుండ్రి సాలు, అని ఆమే ఏడ్చి ఒప్పుకుంది. అతను కాగితం తీసుకున్నాడు, కాగితం వైపు చూడలేదు.

"రాజమణీ! పిచ్చి లేసిందా?" అని ఈయన సీట్లో సగం లేచాడు. వెంకట్రాం నిమ్మకాయ మీద కాలు వేసి జారబోయి నిలదొక్కుకున్నాడు. "జామీను నాది. ఇప్పుడే పోయి వాపస్ తీసుకుంట. ఏమనుకుంటున్నవ్? రేపు ఊళ్లకు పోతే బండి ముందర ఎవలు ఉరుకుతరు, నీ అయ్యనా?"

"నేను ఉరుకుత," అన్నాను.

అనుకుని అన్న మాట కాదు, అన్నాక అదే సరైనదని తెలిసింది. తీసుకోనీ జామీను వాపసు. దానికి క్యాంపు దాకా పోవాలి, ఆఫీసరు ముందు కూర్చోవాలి, ఎందుకు వాపసని అడిగితే కారణం చెప్పాలి, ఏం చెబుతాడు, నా పెండ్లాం నా బండి ముందు ఉరికిందని చెబుతాడా, ఈయన? చచ్చినా చెప్పడు. చెప్పులు విడిచాను, జతగా గోడ పక్కన పెట్టాను, ఎందుకంత పద్ధతో నాకే నవ్వొచ్చింది. చీర కుచ్చిళ్లు పైకి దోపాను. గచ్చు నిప్పులా ఉంది. "ఎనుకకెల్లి రాండ్రి," అన్నాను, "రోడ్డు మీదికి. నలుగురు చూడాలె అంటిరి గద."

గేటు తీసే ఉంది. ఉరికాను. పది అడుగులకే గుండె నోట్లోకి వచ్చింది, ఇరవై అడుగులకు డొక్కలో పోటు, యాకయ్య ఆరు కోసులు ఉరికాడు, పన్నెండు మైళ్లు, నాకు ఇరవై అడుగులకే. వెనక బండి కదిలిన చప్పుడు, ఆపలేక వస్తున్నాడో, ఆపడానికి వస్తున్నాడో, వెనక్కి చూడలేదు, చూడటానికి వీలుండదని ఇప్పుడే తెలిసింది, ఉరికేవాడికి వెనకున్నది చప్పుడే. రోడ్డు మీద సైకిళ్లు ఆగాయి, మల్లెపూలమ్మే ఆమె బుట్ట కింద పెట్టేసింది, ఎవరో అరిచారు. ముందుకు చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. నాలుగు బారల ముందు ఆ వీపు లేదు. పన్నెండేళ్లలో మొదటిసారి నా ముందు ఎవరూ లేరు. మేం మాటల్లో ఉండగానే గేటు దాటిన లచ్చయ్య కాస్త ముందర రోడ్డు పక్కన నిలబడి, కాగితం ఛాతీకి అదుముకుని, నా వైపే చూస్తున్నాడు. వాళ్ల అన్న ముఖం ఎట్లా ఉండిందని అడిగాడు కదా. చెంగు జారి, నోరు తెరుచుకుని, చెమటా కన్నీళ్లూ ఒకటై కారుతున్న నా ముఖాన్ని అతనికి కనబడేట్టే పెట్టి ఉరికాను, దాచుకోలేదు. వెనక హారన్ మోగింది. మళ్లీ మోగింది. నేను దారి ఇవ్వలేదు.